బిడ్డకు బీడీ, తాతకు టీడీఎస్

మా మనవడికి రెండేళ్లు. వాడికి నెల్లూరులో ఒక పెద్దాసుపత్రి వాళ్లు బీడీ రాసిచ్చారు. అచ్చులో, స్పష్టంగా, మందు పేరు పక్కనే. దాని కింద వరసలో టీడీఎస్. నేను రిటైరైన తెలుగు పంతుల్ని. టీడీఎస్ అంటే నాకు తెలిసిందల్లా డబ్బు చేతికి రాకముందే ప్రభుత్వం కోసుకునే పన్ను. వీడికి ఆదాయం ఎక్కడిదా అని ఆటోలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. బీడీ అంటే రోజుకు రెండుసార్లని, టీడీఎస్ అంటే మూడుసార్లని తర్వాత తెలిసింది.

ముందు జరిగింది చెప్పాలి. ఒక రాత్రి అనంతసాగరంలో వాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తెల్లవారుజాముకి కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తున్నాడు గానీ కన్నీళ్లు లేవు. 108కి ఫోన్ చేశాం. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ బండి మీద నాకు భక్తి ఉంది, ఆ రాత్రి అది ఇంకా పెరిగింది. ఆత్మకూరు మీదుగా నెల్లూరు చేరాం. అక్కడి ఎమర్జెన్సీలో వాళ్లు బిడ్డకు నరం దొరకని చేతిలో నరం వెతికి పట్టుకుని, సెలైన్ పెట్టి, బతికించారు. ఈ మాట చెప్పకుండా మిగతాది రాస్తే కళ్లు పోతాయి.

వచ్చేటప్పుడు సైరన్ మోత. వార్డుబాయి స్ట్రెచర్‌తో ఎదురొచ్చాడు, సిస్టర్ పరిగెత్తింది. మూడోనాడు పొయ్యేటప్పుడు మాత్రం, మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్న ఇంకో తల్లి తప్ప మమ్మల్ని పట్టించుకున్న నాథుడు లేడు.

అన్యాయం మాట్లాడకూడదు, బిల్లు కౌంటర్ ఒకటి పట్టించుకుంది. అక్కడ ఇంగ్లీషు లేదు, లాటిన్ లేదు. ‘మంచానికి ఇంత, ల్యాబుకు ఇంత, మీరు కట్టిన అడ్వాన్సు ఇంత, ఇంగ రావాల్సింది ఇంత. ఎంత కట్టాలో ఒకసారి చెప్పండి సార్?’ అని నా చేత తిరిగి చెప్పించుకున్నాడు ఆ అబ్బాయి. నేను వంద తక్కువ చెబితే ఓపిగ్గా దిద్దాడు. నలభై ఏళ్లు బడిపిల్లల చేత పద్యాలు అప్పజెప్పించుకున్న వాణ్ణి, అంత మంచి పాఠం నేనూ చెప్పలేదు.

మందుల పాఠం అలా కాదు. సిస్టర్ మంచం పక్కన నిలబడి, ఇంకో మంచం వైపు చూస్తూ, ‘ఏమ్మా, ఇది బీడీ, ఇది టీడీఎస్, జ్వరం వస్తే ఇది ఎస్ఓఎస్. జింక్ పద్నాలుగు రోజులు. ఏదన్నా ఉంటే రివ్యూకి రండి. అర్థమైందా?’ అంది. నా కోడలు ‘ఆ’ అంది.

ఈ ‘ఆ’ గురించి కొంచెం ఆగాలి. వ్యాకరణంలో ఇది అవ్యయం. మా నెల్లూరు జిల్లాలో మాత్రం దీనికి ఉన్నన్ని అర్థాలు నిఘంటువులో పట్టవు. వింటున్నానని ఒక ‘ఆ’. వినడం లేదని ఇంకో ‘ఆ’. మూడు రాత్రులు నిద్రలేదు, నన్ను ఒదిలెయ్యండని ఒకటి. అర్థం కాలేదంటే ఏమనుకుంటారో అని ఒకటి. ‘మావయ్య ఉన్నాడుగా, ఆయన చదువుకున్నోడు’ అని ఒకటి. నా కోడలు అన్నది ఈ ఐదూ కలిపిన ‘ఆ’. సిస్టర్ దాన్ని ‘అవును’ కింద జమ కట్టుకుంది. ఆమెను మాత్రం ఏమంటాం? ఆ ఒక్క సిస్టరుకు ఎన్ని మంచాలో నేను లెక్కపెట్టబోయి మానుకున్నాను.

తర్వాత ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ‘బిడ్డ పరిస్థితి, వాడాల్సిన మందులు నాకు తెలిసిన భాషలో వివరించారు, నేను అర్థం చేసుకున్నాను’ అని దాని భావం. ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంది. నా కోడలు దాని కింద తెలుగులో సంతకం పెట్టింది.

మా ఉదయగిరి వైపు, కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక ఊరుంది. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు అక్కడి ఆడవాళ్లు రాత్రిబడిలో పాఠం చదివి, చదివింది అర్థమై, పలక పక్కన పెట్టి సారా కొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరుకల్లా ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది. నాకేమనిపిస్తుందంటే, ఆసుపత్రులవాళ్లు ఆ చరిత్ర శ్రద్ధగా చదివే ఉంటారు. ఈ జిల్లా ఆడవాళ్ల చేతికి అర్థమయ్యే కాగితం ఇస్తే ఏం జరుగుతుందో వాళ్లకు తెలుసు.

డాక్టర్ల కోడిగీతల మీద జోకులు పాతబడ్డాయి. మందుల పేర్లు చదవగలిగేట్టు, వీలైతే పెద్దక్షరాల్లో రాయమని 2016లో నిబంధన కూడా వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్ వచ్చి ప్రతి అక్షరమూ ముత్యంలా ఉంటోంది. అర్థం కాకపోతే అది ఇంక మన తప్పే. ఆ మూడు పేజీల్లో మనవడి సోడియం ఎంతో ఉంది, పొటాషియం ఎంతో ఉంది. చివర్న ‘రివ్యూ ఎస్ఓఎస్’ అని ఉంది. అవసరమైతే తీసుకురండి అని దానర్థమట, లాటిన్ నుంచి వచ్చిందట. ఏది అవసరమో మాత్రం మూడు పేజీల్లోనూ లేదు. నాకు తెలిసిన ఎస్ఓఎస్ మునిగిపోయే ఓడలు పంపేది. సోమశిల కట్ట కింద ఉండేవాణ్ణి, మునగడమంటే నాకు వెంటనే భయం వేస్తుంది.

కాగితంలో ఓఆర్ఎస్ అని కూడా ఉంది. మందులషాపు కుర్రాడు, ‘ప్యాకెట్టా సార్, జ్యూసా?’ అన్నాడు. జ్యూసులో ఓఆర్ఎస్ ఏందయ్యా అంటే, పాత రోజుల్లో డబ్బామీద ఆ మూడక్షరాలు వేసుకుని అమ్మిన తీపినీళ్ల సంగతి చెప్పాడు. విరేచనాలకు అవి తాగిస్తే చక్కెర ఎక్కువై మేలుకు బదులు కీడే. ఈ సంగతి మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోట్లాడారు, హైకోర్టుకు కూడా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ ఆ పేరు పానీయాల మీద వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మూడక్షరాలు డబ్బా మీంచి దించడానికి ఎనిమిదేళ్లు పట్టిన దేశంలో ‘ఎస్ఓఎస్’ను కాగితం మీంచి దించడానికి ఎంత పడుతుందో మీరే లెక్కెయ్యండి. నేను ప్యాకెట్లే తెచ్చాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ గ్లాసుడు నీళ్లలో ప్యాకెట్ మొత్తం వొంపబోయింది. కోడలు ‘కాదత్తా, సగం’ అంది. నేను కాగితం తిరగేశాను, సోడియం దగ్గరికే వచ్చాను. బిడ్డ ఒళ్లు కొంచెం వెచ్చగా ఉందని మా ఆవిడే పోయినేటి జ్వరం చుక్కల సీసా తీసి, చారు గరిటె పక్కనున్న స్పూను అందుకుంది.

అప్పుడే మా వీధి ఆశా కార్యకర్త గేటు తీసుకుని లోపలికొచ్చింది. 108 ఊళ్లోకి వచ్చి పోయిందంటే ఆమెకు తెలియకుండా ఉంటుందా. కాగితం చూపించబోతే, ‘అది ఉండనీ అయ్యోరా’ అని కోడలి వైపు తిరిగింది.

‘ఏమ్మే, ఈ ప్యాకెట్ ఎన్ని నీళ్లల్లో కలుపుతావు, చెప్పు?’

‘అర్థమైందా’ అని అడగలేదు. చెప్పమంది. తల్లిని అలా తిరిగి అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1990ల్లో తయారుచేసిన పిల్లల వైద్య పద్ధతిలోనే ఉంది. బిల్లు కౌంటర్ అబ్బాయి తర్వాత ఆ పద్ధతి పాటించింది నాకు తెలిసి ఈమే. కోడలు గ్లాసు చూపించింది. ఆమె నవ్వలేదు, లీటరు నీళ్ల సీసా తెప్పించింది. ప్యాకెట్ మీదున్న 20.5 గ్రాములు అన్న అంకె చూపించి, ఇది లీటరుకి, చిన్న ప్యాకెట్ అయితే గ్లాసుకి అంది. కోడలి చేతే కలిపించింది. చుక్కల మందు మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములుంటుంది, అదే సిరప్‌లో ఐదు మిల్లీలీటర్లకు గాని 120 రాదు, స్పూనుతో పోశావంటే నాలుగింతలు పోసినట్టే అని మా ఆవిడ చేతిలో సీసా తీసి అటకమీద పెట్టించింది. విరేచనాలు ఆగినా జింక్ పద్నాలుగు రోజులూ వెయ్యాలని, మాత్రని స్పూను నీళ్లల్లో కరిగించి ఇవ్వచ్చని చెప్పింది.

‘మళ్లీ ఎప్పుడు తీసుకుపోవాలక్కా?’ అంది కోడలు. మూడు రోజుల్లో ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న అది.

‘నా పెన్ను అయిపోయింది, అయ్యోరి పెన్ను ఇయ్యి.’

కాగితం కోసం చూస్తే దగ్గర్లో అదే ఉంది. మూడో పేజీ తిప్పి వెనక ఖాళీలో రాసింది. తాగలేకపోతే. తాగింది తాగినట్టు కక్కేస్తే. విరేచనంలో నెత్తురు కనబడితే. పిలిచినా మత్తుగా పడుకుంటే, ఫిట్స్ వస్తే. ఆ నాలుగు వరసల కింద గీత గీసి ‘ఆగొద్దు, 108’ అని రాసింది. ‘ఫిట్స్’లో ఒత్తు తప్పు రాసింది. నేను దిద్దలేదు.

ఆ కాగితం వంటింటి తలుపుకు అంటించి ఉంది. ఆసుపత్రి పేరు, సోడియం, పొటాషియం, ఎస్ఓఎస్, అన్నీ చెక్క వైపు ఉన్నాయి.