జమాఖర్చులు

నెల్లూరు జిల్లా మెట్టలో మాదొక మండల కేంద్రం. బస్టాండు ఉంది కాబట్టి టౌనే అనుకుంటాం. ఆ బస్టాండు పక్కన ఇడ్లీ కొట్టు నడిపిన అవ్వ మొన్నామధ్య పోయింది. తొంభై దాటాయని కొందరు, ఇంకా రెండు తక్కువని కొందరు. ఆధార్ కార్డు చూస్తే తేలేది కాదు. ఆ కాలపు ముసలివాళ్లందరికీ మల్లే ఆమె కూడా అందులో జనవరి ఒకటినే పుట్టింది.

ఊళ్లో కానుపు కష్టమైతే నెల్లూరు ఆస్పత్రికి తోడు వెళ్లేది ఆమే. దిక్కులేని శవానికి కొత్త గుడ్డ తెచ్చి కప్పేదీ ఆమే. ఎండాకాలం బోరింగు చెడిపోతే ఖాళీ బిందె తీసుకెళ్లి ఎండీవో ఆఫీసు గుమ్మంలో బోర్లించి, దాని పక్కనే కూర్చునేది. రిపేరు మనిషి బయల్దేరిందాకా లేచేది కాదు. ఇలాంటి మనుషులు ఊరికొకరు ఉంటారనుకోండి. మా అవ్వ గురించి చెప్పాల్సింది చదువు సంగతి.

1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చేనాటికి ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. రాత్రి బడిలో పలక పట్టింది. పాఠం చెప్పే కుర్రాడికి ఎక్కడో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే, అప్పటికి తనకు వచ్చిన గుణింతాలతోనే తానే పంతులమ్మయింది. మసిబారిన ఇడ్లీ పాత్ర మూత మీద సుద్దముక్కతో అక్షరం రాసి, పొయ్యి మీద పెట్టేది. ఆవిరికి తడిసి చెరిగిపోయేలోపు చూసినవాళ్లు నేర్చుకోవాలి. "మళ్లీ రాయను మే, నాకు చట్నీ పనుంది" అనేది. తిట్లు తింటూ, ఇడ్లీలు తింటూ వీధి వీధంతా సంతకాలు నేర్చింది.

మా జిల్లాలోనే దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన సంగతి అప్పట్లో వాచకంలో పాఠమై వచ్చింది. పాఠాలు చదివి పుస్తకం మూసెయ్యడం మనకు అలవాటు. మా ఆడవాళ్లు చదివి లేచారు. చీపుళ్లు, కారప్పొడి పట్టుకుని మా ఊరి కొట్టు మీద పడ్డారు. సారా ప్యాకెట్ల బస్తాలు నడిరోడ్డు మీద కుమ్మరించి తగలబెట్టారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు సాగనివ్వకుండా అడ్డుపడిన ఆడవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా పోయింది. 1995 జనవరిలో మిగతా మద్యం కూడా పోయింది. 1997లో సీసాలు మళ్లీ వచ్చాయి. ఆ వార్త అవ్వ పేపర్లో తనే చదువుకుంది. "చదువు రాకుంటేనే బాగుండు, ఇంకో రెండ్రోజులు తెలియకుండా ఉండేది" అందట.

ఉద్యమం చల్లారినా దాని వెనకాలే వచ్చిన పొదుపు నిలిచింది. మనిషికి రోజుకో రూపాయి. సంఘానికి అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటే. సంఘం డబ్బు దేనికి ఖర్చయినా, మనుషులు లేచి వెళ్లకముందే లెక్క పైకి చదవాలి, పద్దు పద్దూ, అందరికీ వినపడేట్టు. ఒకసారి బ్యాంకు నుంచి వచ్చిన పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టకముందే "టీ ఒకటి, రెండు రూపాయలు" అని ఆయన ఎదుటే చదివించింది. ఆయన తర్వాత ఎప్పుడొచ్చినా ఇంట్లో తాగే వచ్చానన్నాడు.

సరే, సంతాప సభ. ఊరి పెద్దలు కమిటీ వేశారు. సంఘం తరఫున ఆడవాళ్లు ఇరవై వేలిచ్చారు. హైస్కూలు మైదానంలో షామియానా. ఫ్లెక్సీలో అవ్వ ఒక మూలన ఉంది, ఆమెకు దణ్ణం పెడుతున్నవాళ్లు మిగతా జాగా అంతా ఉన్నారు.

అధ్యక్షుడుగారు ఆనాడు ఆ సారా కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కుర్రాడే. ఇప్పుడు తెల్లచొక్కా, రెండు సెల్‌ఫోన్లు, వెనకాల నలుగురు మనుషులు. పాత సంగతి ఆయన దాచుకోలేదు. దాచకపోవడంలోనే ఉంది తెలివి. "అవ్వ చేతి చీపురుదెబ్బ తిన్న వీపమ్మా ఇది!" అన్నాడు. చప్పట్లు. అక్కణ్నించి అందుకున్నాడు. "ఈ ఊళ్లో ప్రతి ఆడబిడ్డకూ వచ్చిన నాలుగు అక్షరాలు అవ్వ పెట్టిన భిక్ష. ఆ తల్లి నేర్పిన చదువు ఈ ఊరికి వెలుగు. అది ఊరికే పోదు తల్లీ, ఎప్పటికీ ఊరికే పోదు!" గొంతు పూడుకుపోయింది. కర్చీఫు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా ఏర్పాట్లతోనే సరిపోయిందనీ, పాపం నిద్రే లేదనీ మైకతను చెప్పాడు.

ఇక జనగణమన అందుకోబోతుంటే సంఘం లీడరు లేచింది. డెబ్బై దాటిన మనిషి, ఇడ్లీ మూత మీద నేర్చుకున్న మొదటి జట్టులోది.

"లెక్క చదవాల. అవ్వ పెట్టిన పద్ధతి."

కమిటీ కుర్రాడు మంచివాడు. ఇంకా లోకం తెలియనివాడు. జేబులో ఉన్న చీట్లన్నీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె మైకు ముందుకొచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, చీటీ మీద వేలు ఆనించి మొదలుపెట్టింది.

"షామియానా, కుర్చీలు... ఆరువేల అయిదువందలు. ఫ్లెక్సీలు... నాలుగువేల రెండువందలు. పూలదండలు... పదమూడువందలు. ఇతరములు... ఏడువేల తొమ్మిదివందల ఎనభై."

ఆగింది. చీటీ తిప్పింది. వెనకవైపు కుర్రాడు ఎక్కడివక్కడ విడగొట్టి రాసిపెట్టుకున్నాడు.

"నిన్న రాత్రి... గెస్ట్‌హౌసు. ఫుల్లు బాటిళ్లు... ఆరు. సోడాలు... రెండు డజన్లు. చికెన్ పకోడి... మూడు కేజీలు."

అధ్యక్షుడుగారు పక్కనున్నవాడి చెవి దగ్గరకు వంగి, "ఈ ముసలిదానికి చదువు నేర్పిందెవర్రా?" అని పళ్లు నూరాడు. ఆయన ముందున్న మైకు ఎవరూ కట్టెయ్యలేదు.

ఆమె కళ్లద్దాల పైనుంచి చూసింది.

"ఇందాక అరగంట సేపు నువ్వే గదయ్యా చెప్పిందీ!"