సంచిలో వచ్చిన చుట్టాలు

కర్నూలులో కాపురం పెట్టి ఇరవై రెండేళ్లయింది. అయినా ఎవరైనా "మీదేవూరు సార్?" అంటే నా నోరు నన్నడక్కుండానే "కడప" అనేస్తుంది. మా ఆవిడ పక్కనుంటే "రేషన్ కార్డు కర్నూలుదేలెండి" అని సర్దుతుంది. కడప నుంచి తెచ్చుకున్న రేకుపెట్టె ఒకటి ఇప్పటికీ మా అటక మీదే ఉంది. దాన్ని పాతసామాన్లవాడికి వేసేద్దామని ఆవిడా, ఉండనీ అని నేనూ ఇన్నేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నాం.

ఉగాదికి మైదుకూరు దగ్గర మా అక్కవాళ్ల పల్లెకు పోయాను. తిరిగి వచ్చేటప్పుడు బావ నా చేతిలో బుడ్డశనగల గోనెసంచి ఒకటి పెట్టాడు. సంచి కదిలింది.

"మూడుండాయి బామ్మర్దీ. పుంజొకటి, పెట్టలు రెండు. బ్యాంటం జాతి. మీ ఇంటెనక జాగా ఊరికే పడుండాది గదా, తిరుగుతా ఉంటాయి."

"ఇంకా పెద్దవవుతాయా బావా?"

"ఇంతే. ఎదగవు. నీ మాదిరే."

బస్సెక్కి సంచిని కాళ్ల మధ్య పెట్టుకున్నాను. కండక్టరు వచ్చి "ఏముండాది సార్ సంచిలో?" అన్నాడు. "బుడ్డశనగలు" అన్నాను. దువ్వూరు దాకా శనగలు బుద్ధిగానే ఉన్నాయి. చాగలమర్రి దాటగానే కూశాయి. బస్సంతా నా వైపు తిరిగింది. కండక్టరు నవ్వకుండా లగేజీ టికెట్టు కొట్టి చేతిలో పెట్టి, "ఆళ్లగడ్డలో మొలకెత్తుతాయేమో చూసుకోండి" అని వెనక్కి పోయాడు.

బ్యాంటం అన్న మాట ఎక్కడిదో ఇంటికొచ్చాక చూశాను. జావా దీవిలో బాంటెన్ అనే రేవుంది. మిరియాల వ్యాపారానికి ఒకప్పుడు పెద్ద పేరు. అక్కడ ఆగిన ఐరోపా ఓడలవాళ్లు చిన్న కోళ్లను ఎక్కించుకుపోయారు. కోళ్లకు ఆ రేవు పేరే పడిపోయింది. ఆ తర్వాత పొట్టి కోడి ఏ దేశంలో పుట్టినా బ్యాంటమే. బాక్సింగులో తక్కువ బరువువాళ్ల పోటీకి కూడా ఈ కోడి పేరే పెట్టుకున్నారు. అడిగినా అడక్కపోయినా ఎప్పుడో విడిచిపెట్టిన ఊరి పేరు చెప్పుకునే జాతి! మా ఇంటికి సరైన చుట్టాలే వచ్చారనుకున్నాను.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన నాపబండలు పెరట్లో ఉన్నాయి. వాటిని నేను కడప బండలంటాను. మేస్త్రీ బేతంచెర్ల బండలంటాడు. వాటితోనే గూడు కట్టించాను. చుట్టూ బండ, పైన బండ, ముందు జాలీ తలుపు. కోళ్లు ఉచితంగా వచ్చాయి, గూటికి మూడు వేలయింది.

పక్కింటి అవ్వ గోడ మీది నుంచి తొంగిచూసి సలహాలు మొదలుపెట్టింది.

"పొద్దు గూకినాక గూట్లో ఇడ్సు నాయనా. కోడికి రేచీకటి. యాడుండాదో తెలీక తెల్లారేదాంక గమ్మునుంటాది. ఏడు దినాలు బయటికి ఇడ్సొద్దు. ఎనిమిదోనాడు కాలికి పాత చెప్పు కట్టి ఇడ్సు, దూరం పోదు. నా కోళ్ల దగ్గరికి మాత్రం రానియ్యాకు. కొక్కెర తెగులు గినా ఉంటే నాయి గూడా పోతాయి."

పశువుల డాక్టరును అడిగితే, కొత్త కోళ్లను మూడు వారాలు వేరుగా ఉంచితే ఇంకా మంచిదన్నాడు. ఈ కొక్కెర తెగులుకు పుస్తకాల్లో రాణిఖేత్ అని ఒక పేరు, న్యూకాజిల్ అని ఇంకో పేరు. రెండూ ఊళ్లే. కోడికి ఏది తగులుకున్నా వెంట ఒక ఊరు కూడా తగులుకుంటుంది కాబోలు.

ఏడు రోజుల గడువు నాకు అన్యాయమనిపించింది. నిజాం 1800లో కడప, బళ్లారి సీమలను ఇంగ్లీషు కంపెనీ చేతిలో పెట్టాడు, బావ నా చేతిలో సంచి పెట్టినట్టే. ఇక్కడివాళ్లను ఎవరూ అడగలేదు. దత్తమండలాలని పేరు కూడా పెట్టేశారు. అది కాదు, రాయలసీమ అందామని 1928లో నంద్యాల సభలో అనుకునేసరికి నూట ఇరవై ఎనిమిదేళ్లు గడిచాయి. మనుషులకే అంత పట్టింది, కోడి ఏడు రోజుల్లో కుదురుకోవాలట!

మూడోనాడు మధ్యాహ్నం చూస్తే మూడు కోళ్లూ నోళ్లు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతున్నాయి. కోడికి చెమట పట్టదు. అలా రొప్పడమే దానికి విసనకర్ర. పైబండ మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. "ఆ బండ మింద సజ్జరొట్టె కాల్సుకోవచ్చు నాయనా. కోళ్లనేంటికి కాలుస్తాండావు?" అంది అవ్వ. వేపమండలు కొట్టి బండ మీద పరిచి, పైన పాత దుప్పటి తడిపి కప్పాను. గంటగంటకూ నీళ్లు చల్లడం నా ఉద్యోగమైంది.

పుంజు సంగతి వేరు. మనిషి పిడికెడు, దర్జా పుట్టెడు. తెల్లవారుజామున మూడింటికే, కొండారెడ్డి బురుజు మీద నిలబడి ఊరిని లేపుతున్నట్టు కూస్తుంది. తన కోడి కూయకుంటే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను సామెతలో విన్నాను. కోడే అలా అనుకోవడం మాత్రం ఇదే చూడటం.

పెట్టల్లో ఎర్రది నల్లదాన్ని పొడిచేది. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవవచ్చో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్-ఎబ్బె 1920లలోనే రాసిపెట్టాడు. ఆ వరసలో నల్లపెట్ట అందరికంటే కింద. ఎవర్ని పొడవాలో తెలియక అది మేత వేసే నా కాలిని పొడిచేది. మా ఆవిడ జోలికి మాత్రం పోయేది కాదు. ఇంట్లో నా వరస ఎక్కడో అలా తేలిపోయింది.

ఈలోగా వచ్చిన చుట్టాలంతా గూటి ముందు కూర్చుని కోళ్లను రాగిసంగటి పక్కన పెట్టుకుని చూసేవాళ్లు. "ఎంత తూగుతాయప్పా?" అనేవాళ్లు. "ముక్కాలు కేజీ" అంటే పెదవి విరిచి, "ఒక ముద్దకు గూడా చాలవే" అని లేచేవాళ్లు. నాటుకోడి పులుసు లేనిదే పండగ లేదనే సీమలో వీటి ప్రాణానికి కాపలా వీటి పొట్టితనమే.

ఎనిమిదోనాడు తెల్లారకముందే తేలికగా ఉన్న చెప్పొకటి వెతికి నల్లపెట్ట కాలికి కట్టాను. అది మా ఆవిడ పెళ్లిళ్లకు వేసుకునేదని తర్వాత తెలిసింది. ఆ గొడవ అలా ఉంచితే, నాటుకోడి ఈడ్చుకుపోగల చెప్పు పొట్టికోడికి ఇనపగుండే. పెట్ట రెండడుగులు లాగింది, వెనక్కి చూసింది, ఇక కదల్లేదు. గుడి ముందు చెప్పులకు కాపలా కూర్చున్న మనిషిలా దాని పక్కనే కూర్చుండిపోయింది. జాలేసి దారం కోసేశాను.

పది గంటలకల్లా పెట్ట మాయం.

మోరీలో చూశాం, గోడల మీద చూశాం, అవ్వ గంప ఎత్తించి చూశాం. వీధి చివర చికెన్ అంగడి ముందు నేను మూడుసార్లు తచ్చాడితే అంగడతను "ఎన్ని కేజీలు సార్?" అని కత్తి తీశాడు. సాయంత్రానికి ఓపిక పోయి బావకు ఫోన్ చేశాను.

"కలివికోడి మతికుండాదా నీకు? 1900 తర్వాత ఎవురి కంటా పడల్యా. 1986లో మన సిద్దవటం కాడ అగుపడింది. మన జిల్లా కోడి పోయిందంటే ఎనబై ఆరేండ్లు ఓపిక పట్టల్ల బామ్మర్దీ."

"అది పిట్ట, అసలు కోడే కాదు బావా."

"కాకున్నా దాని కోసరం తెలుగుగంగ కాలవ దావ మార్సినారు. నువ్వు దీని కోసరం ఇంకో సందు తిరగలేవా?"

ఇంకో సందు తిరిగొచ్చాను. చీకటి పడింది. చీపురు కోసం మెట్ల కిందికి పోయిన మా ఆవిడ ఉన్నట్టుండి "ఇట్లా రండి" అని పిలిచింది. గొంతులో కోపం లేదు. అందుకే భయపడుతూ పోయాను.

వాసన వస్తోందని ఆవిడే మొదటిరోజు మెట్ల కింద పడేసిన బుడ్డశనగల గోనెసంచి అక్కడుంది. మూతి దగ్గర మడత పడి, లోపల గుహలా ఉంది. అందులో నల్లపెట్ట. టార్చి వేస్తే కళ్లు మూసుకుంది గానీ లేవలేదు. మెల్లగా పక్కకు జరిపితే కింద గుడ్డు, నిమ్మకాయకంటే కాస్త పెద్దది, ఇంకా వెచ్చగా ఉంది. పెరటి నిండా జాగా, మూడు వేల గూడు, వేపమండల పందిరి ఉండగా అది ఏరుకున్నది మైదుకూరు నుంచి వచ్చిన గోనెపట్టను.

సంచిని అలాగే తీసుకుపోయి గూట్లో ఒక మూల పరిచాను. మరునాటి సాయంత్రం మేత చూపించలేదు, తరమలేదు. పొద్దు గూకగానే ముందు నల్లది, వెనక ఎర్రది, చివర దొరవారు, తమంతట తామే గూట్లోకి నడిచాయి. మేత ఎక్కడ తిన్నా సరే, పొద్దు గూకే వేళకు కోడి తన కాళ్లతో ఎక్కడికి పోతుందో అదే దాని ఇల్లు.

రేకుపెట్టె ఊసు మా ఆవిడ మళ్లీ ఎత్తలేదు.

కోళ్లు తెచ్చుకునేవాళ్లకు నా మాట ఇంతే. చీకటి పడ్డాక గూట్లో వదలండి. వారం రోజులు తలుపు తీయకండి. బండ గూడైతే నీడ చేయండి. చెప్పు కట్టాలనిపిస్తే అది ఎవరిదో ముందు కనుక్కోండి. అవి వచ్చిన సంచిని మాత్రం పారేయకండి.