చిక్కుడు పందిరి గుంజ

ఎండుకట్టెననుకోకండి, నేను తాటిచేవను. ద్వారకా తిరుమల మెట్టలో పుట్టాను. చీల్చి, చెక్కి, మొదలుకు తారు పూసి ఎర్రమట్టి పెరట్లో పాతారు. ఆ చెక్కుడు సంగతులు నాకంతగా గుర్తులేవు. గుర్తున్నదల్లా చిక్కుడు పాదే.

ఆషాఢంలో మామ్మగారు నా పక్కనే గింజలు పెట్టేవారు. వానలకు తీగ నామీదుగా ఎగబాకి పందిరంతా కమ్మేసేది. పూత మాత్రం ఉండేది కాదు. "ఆకులే గానీ కాయలేవండీ?" అని ఎవరన్నా ఎకసెక్కమాడితే నాకు చిన్నతనంగా ఉండేది. మా నాటు చిక్కుడు అంతే. పగళ్లు కురచై రాత్రులు పొడుగైతే గానీ పూయదు. వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో వచ్చింది, మామ్మగారి లెక్క అంతకన్నా పాతది. కార్తీకం దాకా ఆవిడ కంగారుపడేవారే కాదు.

చలితో పూత, మంచుతో పేనుబంక. లేత చివుళ్లన్నీ నల్లబడేవి. ఆ పురుగు విసర్జించే తీపి కోసం చీమలు నా ఒంటిమీద బారులు తీరేవి. తెల్లారగట్ల ఆకుల తడి ఆరకముందే మామ్మగారు పొయ్యిలో బూడిద చల్లేవారు. తడిమీదైతేనే అంటుకుంటుంది మరి.

రథసప్తమినాడు చూడాలి నా దర్జా! కాయలకు పుల్లలు గుచ్చి రథం చెయ్యాలన్నా, పరమాన్నం పెట్టడానికి ఆకులు కావాలన్నా వీధి వీధంతా మా దొడ్లోకే వచ్చేది.

మామ్మగారు పోయాక అబ్బాయిగారు రబ్బరు గొట్టం పట్టారు. మంచు కురిసే రోజుల్లోనూ పాదు నిండా నీళ్లే. కోడలిది కొల్లేటి వైపు. "మా పల్లపు నేలల్లో మట్టి ఎగదోసి దిబ్బమీద పెడతామండీ, నీళ్లు ఇలా నిలవనివ్వం" అని చెప్పి చూసింది. వింటేగా! పాదుకు వేరుకుళ్లు పట్టింది. నాకూ మొదలు మెత్తబడింది. కర్రకు చేటు నేలా గాలీ కలిసే ఆ జానెడు చోటే. అక్కడ తడి ఆరకపోతే పుచ్చుతుంది. తారు మళ్లీ పూసి ఉంటే ఇంకొన్నేళ్లు నిలబడేదాన్ని.

ఓ ఈదురుగాలికి ఒరిగాను. "పుచ్చిపోయిందిలే" అన్నారు. పైభాగమంతా ఉక్కులా ఉంది, ఒక్కసారి తట్టి చూస్తే తెలిసేది. ప్రహరీ వార నన్ను పారేసి, పెరడంతా గచ్చు చేయించారు.

ఆ గచ్చు వీధివైపు వాలుగా కుదిరింది. అందుకని నన్ను రెండుగా కోసి, ఇప్పుడు కారు చక్రాల కింద అడ్డు పెడుతున్నారు. మొన్న రథసప్తమికి ఆకులు అడిగి తెమ్మని కోడలు పంపితే, అబ్బాయిగారు ముందు నన్ను కాలితో తన్ని, తర్వాత కారు తీశారు.