దీవికెళ్ళి ఎవరికీ దొరక్కుండా ఉండటం ఎలా?

హామ్ రేడియో లైసెన్సు చేతికొచ్చిందా? బంటుమిల్లిలో డాబా మీద డైపోల్ యాంటెన్నా కట్టుకుని, రొయ్యల చెరువుల మోటార్ల గోల తప్ప ఇంకేమీ వినపడక విసిగిపోయారా? అయితే అండమాన్ వెళ్ళండి. మ్యాపులో అది మన దేశమే గానీ హామ్‌ల లెక్కలో వేరే దేశం. ఇక్కడ మనం వీయూ2, వీయూ3. అక్కడ దిగితే వీయూ4. ఇంట్లోంచి గొంతు చించుకున్నా పలకనివాళ్ళు, అక్కడినుంచి ఒక్క కూత వేస్తే బెల్లం చుట్టూ ఈగల్లా ముసురుతారు. అందులోనూ 160, 80, 40 మీటర్ల లో బ్యాండ్లలో వీయూ4 కోసం కాచుక్కూర్చున్నవాళ్ళు జపాను నుంచి అమెరికా దాకా ఉన్నారు. ఇంతమందిని ఒకేసారి ఉసూరుమనిపించే యోగం బందరు చుట్టుపక్కల పుట్టినవాడికి మళ్ళీ మళ్ళీ పట్టదు.

కింది చిట్కాలన్నీ మా వైపున్న ఎదురుమొండి దీవిలో రెండు రాత్రుల క్యాంపు పెట్టి నేను స్వయంగా పరీక్షించినవే. పంటు దాటి వెళ్ళాం, పంటు దాటి వచ్చాం. లాగ్ బుక్కులో మూడు కాంటాక్టులు పడ్డాయి. అందులో ఒకటి ఒడ్డున ఆగిపోయిన మా వాడితోనే.

1. ముహూర్తం చెడగొట్టండి. లో బ్యాండ్లకు శీతాకాలం మంచిది. ఉరుములు తక్కువ, చెవిలో గరగర తక్కువ. సూర్యుడి మీద మచ్చలు తగ్గిన ఏళ్ళు ఇంకా మంచివి. 2019 డిసెంబరులో అవి అడుగంటాయి. ఇవన్నీ బాగా కంఠతా పట్టి, మే ఆఖరుకు టికెట్టు కొనండి. నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందుగా తాకేది ఆ దీవులనే. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే శనగలు వేయిస్తున్నట్టుంటుంది. పిల్లల సెలవులు కూడా కలిసొస్తాయి.

2. అనుమతి అర్జీ ఆఖర్న పెట్టండి. లైసెన్సు ఉంది కదా అని దీవిలో దిగి మాట్లాడటానికి లేదు, ఢిల్లీ నుంచి విడిగా కాగితం రావాలి. విశాఖలో ఓడ ఎక్కబోయే ముందు అర్జీ పంపండి. కాగితం రాకపోతే అసలు పనే లేదు, బీచికి పోవచ్చు.

3. యాంటెన్నా విషయంలో పొదుపు పాటించండి. 160 మీటర్ల బ్యాండులో నిలువు యాంటెన్నాకు పావు తరంగమంటే 40 మీటర్ల ఎత్తు. తాడిచెట్టు మీద తాడిచెట్టు నిలబెట్టాలన్నమాట. దాన్ని ఉప్పునీళ్ళ అంచున నిలబెట్టి, మొదలు చుట్టూ రేడియల్ తీగలు పరిస్తే సిగ్నలు సముద్రం మీదుగా తక్కువ కోణంలో లేచి ఖండాలు దాటుతుందంటారు. అంత కష్టం మనకెందుకు? సముద్రం కనపడని వీధిలో రూము తీసుకోండి. కృత్తివెన్ను సరుగుడు వాసం ఒకటి తెద్దామనుకున్నాం, ఓడలో ఎక్కనివ్వలేదని చెప్పండి. ఉన్న తీగను కొబ్బరిచెట్టు మొవ్వకు విసిరి, మిగిలింది చుట్టచుట్టి పెట్టండి. రేడియల్స్ సంచి ఇంట్లో మంచం కింద భద్రంగా ఉంటుంది.

లో బ్యాండులో చెప్పడం కంటే వినడం కష్టం. అందుకని పెద్ద హామ్‌లు వినడానికి విడిగా బెవరేజ్ అనే యాంటెన్నా వేస్తారు. 150 మీటర్లో ఇంకా ఎక్కువో తీగను మనిషెత్తున చాపుతారు. మా క్యాంపు జాబితాలో ‘బెవరేజ్’ అని చూసి నేను రెండు కేసుల గోలీసోడా పట్టుకెళ్ళాను. మీరూ అదే చెయ్యండి. ఆ రెండు రాత్రుల్లో మాకు పనికొచ్చిన సామాను అదొక్కటే.

4. నిద్ర చెడగొట్టుకోకండి. అన్నిటికంటే ముఖ్యమైన చిట్కా ఇది. పగలు ఆకాశంలో డి పొర అనేది ఒకటుండి లో బ్యాండ్ సిగ్నల్ని పీల్చేస్తుంది. పొద్దుగుంకాక అది కరిగిపోతుంది. ఇటూ చీకటి, అటూ చీకటి ఉంటేనే మాట దాటుతుంది. టీములో పెద్దలు పట్టుబట్టి డిసెంబరుకే తీసుకెళ్ళారనుకోండి. అప్పుడు జపానుకు సాయంత్రం నుంచి తెల్లవారుజాము 3 దాకా, యూరపుకు రాత్రి భోజనాలయ్యాక, అమెరికా తూర్పు తీరానికి 3 నుంచి పొద్దుపొడిచేదాకా దారి తెరుచుకుంటుంది. చూశారా కుట్ర? మంచి నిద్ర పట్టే వేళలన్నీ ఏరి మరీ పెట్టారు.

దీనికి మన దగ్గర మందుంది. పోర్ట్ బ్లెయిర్‌లో గడియారం మన టైమే చూపిస్తుంది గానీ, సూర్యుడు ఆ నెలలో బందరు కంటే ముప్పావు గంటకు పైగా ముందే లేస్తాడు. కాబట్టి అందరి ఎదుటా ‘‘అమెరికా వాళ్ళ సంగతి నేను చూసుకుంటా’’నని ఒప్పుకుని, ఆరింటికి అలారం పెట్టండి. బందరు లెక్కన అది చీకటి. అక్కడ మీరు కళ్ళు నులుముకునేసరికి ఎండ మొహాన కొడుతుంది. ‘‘అయ్యో, గ్రేలైన్ పోయిందే!’’ అని గట్టిగా అనండి. చీకటీ వెలుగూ కలిసే ఆ కాస్త వేళను అలా అంటారు. ఈ మాట తెలిసినవాణ్ణి ఎవరూ బద్ధకస్తుడనరు.

5. ఖర్మకాలి ఎవరైనా వినపడితే, మీరు పిలిచే ఫ్రీక్వెన్సీలోనే జవాబు చెప్పమనండి. పై ఫ్రీక్వెన్సీలో విడిగా వినే స్ప్లిట్ పద్ధతి జోలికి పోవద్దు. వెయ్యిమంది ఒకరి నెత్తిన ఒకరు అరుస్తుంటే మీ గొంతు ఎవరికీ వినపడదు. వినపడకపోతే పని అయిపోయినట్టే.

6. లాగ్ మన టైములో రాయండి. ప్రపంచంలో హామ్‌లంతా యూటీసీలో రాస్తారు, మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజాము మూడింటి కాంటాక్టు వాళ్ళ లెక్కలో నిన్నటిది. టైమూ తప్పు, తేదీ కూడా తప్పు. ఇక మాట్లాడినట్టు రుజువుగా క్యూఎస్ఎల్ కార్డు ఇమ్మని ఎవరు అడిగినా ‘‘లాగులో లేరండీ’’ అని నిజాయితీగా చెప్పొచ్చు. ప్రింటింగ్ ఖర్చు మిగులుతుంది.

7. ‘కండిషన్లు బాగోలేవు’ అనే మాట జేబులో పెట్టుకు తిరగండి. మీరు నిద్రపోయినా, తీగ తెగినా, రిగ్ (రేడియో సెట్టు) ఆన్ చెయ్యకపోయినా ఇదే మాట. ఇంకెవరైనా ఆ రాత్రే పక్క దీవి నుంచి రెండొందల మందితో మాట్లాడారని తేలితే, ‘‘మా వైపు బాగోలేవు’’ అనండి.

8. రిగ్ పనిచేసే స్థితిలో ఉంచకండి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, ఏళ్ళ తరబడి మూగబోయిన వీయూ4ను మళ్ళీ పలికించింది. వేళకు లేచారు, యాంటెన్నాలు సరిగా కట్టారు. దాని ఫలితం చూడండి. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి, వీళ్ళ రేడియోలు మాత్రం బతికే ఉన్నాయి. ఇంకేముంది, కాంటాక్టులు కట్టిపెట్టి, ఎవరున్నారో ఎవరు లేరో కబుర్లు మొయ్యడంలో పడ్డారు. కార్ నికోబార్ దాకా వాళ్ళ మనుషులు వెళ్ళాల్సొచ్చింది. నాలా యాంటెన్నా కొబ్బరిచెట్టు మీద చుట్టచుట్టి ఉంటే ఎవరైనా అడిగేవారా?

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డాక, అయినవాళ్ళ కబురు కోసం ఎలా ఎదురుచూశారో మా ఇంట్లో పెద్దవాళ్ళు చెబుతుంటే వింటూ పెరిగాను. అందుకే బ్యాటరీ ఎప్పుడూ చార్జి చేసి ఉంచను. చార్జి ఉంటే పిలుస్తారు.

ఈసారి టీము కడుతుంటే నాకో మాట చెప్పండి. బందరు హల్వా నేను తెస్తాను. షిఫ్టు మాత్రం మధ్యాహ్నం 2 నుంచి 4 దాకా వెయ్యండి. ఆ వేళ 160 మీటర్లలో చెన్నై కూడా పలకదు.