ఫౌతమ్మ పట్టా

పటేల్ పట్వారీలు 1984ల పోయిన్రు. వీఆర్వోలు 2020ల పోయిన్రు. అదే ఏడు వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి, 2025ల భూభారతికి జాగ ఇచ్చి తనూ పోయింది. పోనిదల్లా మా తాత పహాణీ నకలొక్కటే. ఉర్దూ మాటలకు తెలుగు అక్షరాలు తొడిగిన గొలుసుకట్టు రాత. ఎవ్వరికీ చదవరాదు గనుకనే ఇన్నేండ్లు భద్రంగున్నది.

ఇప్పుడు ఏఐ వచ్చింది. సుల్తానాబాద్‌ల ఏ చాయ్ హోటల్ల కూసున్నా ఒకటే పంచాయితీ: కాయితం చదివి పట్టిక కట్టేందుకు ఏ మోడల్ మంచిది? ఒకరు అమెరికాదంటరు, ఒకరు చైనాదంటరు, ఒకరు మన దేశపుదంటరు. పహాణీ పెట్టి చూసిన్రా అంటే, యూట్యూబ్‌ల చూసిన్రట.

నేను మూడింటికీ నా కాయితం పెట్టిన. పేర్లు చెప్ప. ఉన్న భూమి కేసే చాలు.

మొదటిది రెప్పపాటుల పట్టిక కట్టింది. మా తాత పక్కన ‘ఫౌతి’ అనే ఆడమనిషి సగం పట్టాదారై కూసున్నది. ఫౌతి అంటే పట్టాదారు చచ్చిపోయిండని రాత. మా నానమ్మ బతికుంటే, ఈ సవతి ఎక్కడిదని తాతను మళ్లొకసారి చంపేది.

రెండోది ఇంకా తెలివైంది. విస్తీర్ణం 1-20 అని ఉంటే, 1.20 ఎకరాలని దిద్దింది. ఎకరం 20 గుంటలంటే 60 గుంటలు. 1.20 ఎకరాలంటే 48. ఒక్క చుక్కల 12 గుంటలు మునిగినయ్. ఇదివరకు ఇంత జాగ మింగాలంటే ఇద్దరు సాక్షులు, ఒక స్టాంపు కాయితం, తక్కువల తక్కువ ఒక నాటుకోడి కావాల్సి వచ్చేది.

మూడోది అంతా చదివి, సిరా అలికిన రెండు ఖానాలల్ల ‘చదవరాలేదు, అసలు కాయితం చూడండి’ అని ఖాళీ ఇడిచింది. ‘ఒట్టి మొద్దు’ అని హోటలంతా తేల్చింది.

మాది రైస్‌మిల్లుల ఊరు. సంచి మీద బొమ్మ చూసి వడ్లెవరూ కొనరు. పిడికెడు తీసి మీటర్ల పోసి, తేమ 17 శాతం దాటితే ఎండబెట్టుకొని రమ్మంటరు. మోడల్‌కు కూడా మీటరుంటది. జవాబు మనకు ముందే తెలిసిన ఇరవై కాయితాలు పెట్టాలె. ఖానా ఖానా సరిచూడాలె. విడి గుంటలన్నీ కూడితే కింది మొత్తం కలవాలె. కలవనికాడ మనిషి కూసోవాలె.

ఇదంతా చెప్తే, సాసర్ల చాయ్ ఊదుకుంట ఒక పెద్దమనిషి అన్నడు: “బిడ్డా, నలభై ఏండ్లు దఫ్తర్ల సుట్టు తిరిగిన. ‘నాకు తెల్వది’ అన్నోన్ని ఒక్కన్ని సూడలే. ఆ మొద్దునే పట్టుకో.”

పట్టుకున్న. ఆ పట్టిక తీస్కపోయి ఆన్‌లైన్ సెంటర్ల ఇచ్చిన. పిలగాడు మూడుసార్లు నొక్కి తలెత్తిండు: “అన్నా, ఖానా ఖాళీ ఉంటే ఫారం ముంగటికి పోతలేదు. అన్నీ నిండినయ్ ఏమన్న ఉన్నయా?”

ఉన్నది. మొదటిదాని పట్టిక ఇచ్చిన. ఫారం సర్రున పోయింది. ఇగ ఫౌతమ్మ ఆధార్ కార్డు ఒక్కటి తెమ్మన్నడు.