కెమెరా మింగిన క్రియాపదాలు

నా తెలివితక్కువతనానికి సాక్ష్యంగా ఒక వీహెచ్‌ఎస్ క్యాసెట్ ఉంది. తొంభైల చివర్లో హైదరాబాద్‌లో ఫిల్మ్ కోర్సు చదివేటప్పుడు తీసిన మూడు నిమిషాల సినిమా అది. షరతు ఒక్కటే: ఎడిటింగ్ కెమెరాలోనే అయిపోవాలి. కథ ఏ వరుసలో నడుస్తుందో ఆ వరుసలోనే షాట్లు తీయాలి. రీటేక్ లేదు, తర్వాత కత్తిరించి అతికించడం లేదు. ఆఖరి షాట్ తీసి బటన్ నొక్కితే సినిమా పూర్తయినట్టే.

మిగతావాళ్లు బెదిరారు. నేను పొంగిపోయాను. అప్పటికి దర్శకుడు హిచ్‌కాక్ గురించి కాస్త చదివి ఉన్నాను మరి. 1940లో వచ్చిన 'రెబెక్కా'లో, నిర్మాత సెల్జ్‌నిక్ ఎడిటింగ్ గదిలో కూర్చుని సినిమాను తిరగరాయకుండా, హిచ్‌కాక్ తనకు కావలసిన ముక్కలే తీసి పెట్టాడట. అది చదివాక, హిచ్‌కాక్‌కి ఉన్నదీ నాకు లేనిదీ ఒక్క నిర్మాతేనని తీర్మానించుకున్నాను.

పెళ్లి వీడియోలు తీసే ఒకన్న దగ్గర కెమెరా అద్దెకు తెచ్చాం. ఇస్తూ ఆయనన్నాడు: "తమ్మీ, పాజ్ కొట్టినంక టేపు జర ఎనక్కి పోతది. మాట అయిపోయినంక గూడ కొంచెంసేపు నడవనియ్యి. లేకుంటే ఎనక షాట్ వచ్చి ముందుదాన్ని కొరుకుతది."

వినయంగా తలూపాను. లోపల మాత్రం నవ్వుకున్నాను. అప్పగింతల్లో ఏడ్చే పెళ్లికూతురి మీదికి జూమ్ చేసే మనిషి, కట్ ఎక్కడ చెప్పాలో నాకు నేర్పుతాడా!

కథ ఇద్దరు అన్నదమ్ములది. అన్న ఇల్లు అమ్మేద్దామంటాడు, తమ్ముడు ఒప్పుకోడు. డైలాగ్ పూర్తవగానే ఠక్కున కట్ చెప్పాను. అదే నా శైలి అనుకున్నాను. మధ్యలో ఒకసారి రివైండ్ చేసి చూసుకుందామన్నాడు స్నేహితుడు. చూసుకుంటే నియమం తప్పినట్టేనన్నాను. అలాంటి నియమం ఎవరూ పెట్టలేదు. నా గొప్ప కోసం నేనే కల్పించాను.

క్లాసులో టీవీ ముందు కూర్చున్నాం. తెర మీద తమ్ముడు ఆవేశంగా లేచి, "అన్నయ్యా, నేను సంతకం" అన్నాడు. వెంటనే కిటికీ షాట్ వచ్చింది. అన్న బదులుగా, "ఈ ఇల్లు నాన్న ఒక్కడే" అన్నాడు. మళ్లీ గుమ్మం. పాత బొమ్మకీ కొత్త బొమ్మకీ మధ్య చారలు రాకుండా ఆ రకం కెమెరా పాజ్‌లో టేపును కాస్త వెనక్కి లాక్కుంటుంది. తర్వాతి షాట్ ఆ వెనక్కి వెళ్లినచోటు నుంచే ఎక్కుతుంది. అంటే ప్రతి షాట్‌కీ చివరి క్షణం పోతుంది. మన భాషలో అవునో కాదో తేల్చే క్రియ వాక్యం చివర్లోనే కదా ఉండేది! తమ్ముడు సంతకం పెడతానన్నాడో, పెట్టనన్నాడో క్లాసులో ఎవరికీ అంతుపట్టలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ కెమెరాకు రికార్డింగ్ బటన్ ఒక్కటే. ఒకసారి నొక్కితే నడుస్తుంది, మళ్లీ నొక్కితే ఆగుతుంది. నడుస్తోందో లేదో వ్యూఫైండర్ మూలన చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. నేనేమో వ్యూఫైండర్‌లోంచి కన్ను తీసి, చేతులు ఊపుతూ నటన నేర్పిస్తున్నాను. ఎప్పుడో ఒక నొక్కు ఎక్కువైంది. అక్కడి నుంచి అంతా తలకిందులు. యాక్షన్ అన్నప్పుడు టేపు ఆగింది, కట్ అన్నాక నడిచింది. అన్నదమ్ములు కలిసిపోయే ఘట్టం టేపులో లేనే లేదు. దాని బదులు నా చెప్పులు, గచ్చు, వాటి మీద స్పష్టంగా నా గొంతు: "ఆయన చెప్పినట్టు తీస్తే మనదీ పెళ్లి వీడియోలాగే ఉంటుంది. వాళ్లకేం తెలుసురా సినిమా గురించి!"

కెమెరా తీసుకెళ్దామని వచ్చిన ఆ అన్న వెనక బెంచీలోనే కూర్చుని ఉన్నాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు. వెళ్తూ, "ఆడియో మస్తుగొచ్చింది తమ్మీ" అన్నాడు.

సినిమా గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. జీలకర్ర-బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు: అన్నీ వరుసలో, ఒక్కసారే జరుగుతాయి. పురోహితుడు కెమెరా కోసం ముహూర్తం ఆపడు. తెర దించేలోపు ఎటువైపు నిలబడాలో, ఎప్పుడు పాజ్ కొట్టాలో ఆ వీడియో అన్న ముందే చూసుకుంటాడు. తర్వాత మిక్సింగ్‌లో పూలు, గుండె బొమ్మలు ఎన్నయినా చల్లుకోవచ్చు. తీయని తాళికట్టు మాత్రం ఎక్కడి నుంచీ రాదు.

లండన్‌లో 1999లో మొదలైన 'స్ట్రెయిట్ 8' సినిమా పోటీలోనూ ఇదే ఆట. ఒక్క సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో సినిమా మొత్తం తీయాలి. అందులో ఉండేది 50 అడుగుల ఫిల్మ్, సెకనుకు 18 ఫ్రేముల చొప్పున 3 నిమిషాల 20 సెకన్లు. బొమ్మ చూసుకోకుండానే సౌండ్‌ట్రాక్ కట్టి ఇవ్వాలి. తీసినవాళ్లు కూడా తమ సినిమాను మొదటిసారి ప్రేక్షకుల మధ్యే చూస్తారు. ఏ షాట్ ఎన్ని సెకన్లో ముందే లెక్క వేసుకోనివాడికి అక్కడ పని లేదు. నా దగ్గర హిచ్‌కాక్ ఉన్నాడు, లెక్క లేదు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంది, దాంట్లో ఎడిటింగ్ యాప్ ఉంది. సినిమా నేర్చుకునే పిల్లలు ఒక్కసారి ఆ యాప్ తెరవకుండా, వరుసలో, మూడు నిమిషాల కథ తీసి చూడండి. అంతకంటే ముందు మీ వీధిలో పెళ్లిళ్లు తీసే కెమెరామన్‌ని కలవండి. ఆయన చెప్పేది వింటూ నాలా తలూపకండి, కాగితం మీద రాసుకోండి.