పంపోపాఖ్యానము (టీకాతాత్పర్య సహితము)

మూలము

తాళ మిడిన వేళ తానేమి పలుకదు
సెల్ఫు తిరుగు గాని చేవ లేదు
కంఠ మంటఁ జమురు గల దయ్యుఁ బొట్టలోఁ
బంపు పోయె టాంకు పాంథ దింపు

అవతారిక

ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ దొరకదు. మా రాజమండ్రి కంబాలచెరువు దగ్గర షెడ్డున్న మెకానిక్ నోట పుట్టింది. ఆయన చెప్పింది వచనంలోనే. "తాళం ఏత్తే సౌండు రాటంలేదండి. సెల్ఫు తిరుగుతుందండి. ట్యాంకు నిండా పెట్రోలుందండి. మరి లోపల పంపు పోయిందండి. ట్యాంకు దింపాలండి, ఆయ్." ఛందస్సుకి లొంగని ఆ 'ఆయ్' ఒక్కటి వదిలేసి మిగిలిందంతా ఆటవెలదిలో కుదించాను. నన్నయగారి ఊళ్ళో ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. జబ్బు అంత తేలిగ్గా పోదు.

సందర్భం ఇది. మా మేనల్లుడికో టూరింగు బండి ఉంది. అటూ ఇటూ రెండు ఇనప్పెట్టెలు, ముందో గాలి అద్దం, మొత్తంమీద ఒంటెకి కళ్ళజోడు పెట్టినట్టుంటుంది. హిమాలయాలకి వెళ్ళడానికని కొన్నాడు. ఆరోజు మాత్రం కొవ్వూరులో పెళ్ళిభోజనానికి వెళ్ళి తిరిగొస్తున్నాం. రోడ్ కం రైలు వంతెన 1974 నాటిది. పైన రోడ్డు, కింద రైలు, నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. దానికి సరిగ్గా నడిమధ్యన బండి రెండుసార్లు దగ్గి, మూడోసారి ఊరుకుంది. కింద గూడ్సు వెళుతోంది. వంతెన వణుకు నా మోకాళ్ళలోకి ఎక్కుతోంది. చేతిలో కాజాల పొట్లం. "మావయ్యా, దిగు. తోద్దాం" అన్నాడు వాడు.

మూలంలో లేని మాట రాయనని కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ పట్టాడు. ఆయన ఆ వంతెన మీద బండి తొయ్యలేదు. నేను మూలంలో లేనివి కూడా రాస్తాను.

టీక

తాళము: మా గోదావరి జిల్లాల్లో కప్పకీ తాళమే, చెవికీ తాళమే. సంగీతంలో ఉన్నది ఇంకో తాళం. కవి మూడూ ఉద్దేశించాడని మేనల్లుడితో వాదించాను. తాళం పడ్డాక శ్రుతి పలకాలి. ఇక్కడ పలకలేదు. శ్లేష అంటే ఇదీ.

తానేమి పలుకదు: పద్యానికి ప్రాణం ఈ పాదంలో ఉంది కనక ఇక్కడ కాస్త కూర్చుందాం. ఈ కాలం బళ్ళకి తాళం తిప్పగానే, ఇంజను ఇంకా మొదలవకముందే, ట్యాంకు లోపలినుంచి రెండు మూడు సెకన్లపాటు 'గుయ్' మని సన్నగా ఒక చప్పుడొచ్చి ఆగిపోతుంది. కుండలో తుమ్మెద పడ్డట్టుంటుంది. లోపల మునిగి ఉన్న చిన్న కరెంటు పంపు గొట్టాల్లోకి పెట్రోలు తోసి, ఒత్తిడి నింపి, 'నేను సిద్ధం' అని చెప్పే మాట అది. బండి కొన్నవాళ్ళలో నూటికి తొంభైమంది ఆ మాట విననే వినరు. అది ఆగిపోయిన రోజున 'ఏదో తక్కువైందే' అని తెల్లమొహం వేస్తారు. కావ్యానికి ఆత్మ ధ్వని అని ఆనందవర్ధనుడు ఊరికే అనలేదు.

మా మెకానిక్ పానాలు, కంప్యూటర్లు ఏవీ ముట్టుకోలేదు. బండి పక్కన గొంతుక్కూర్చుని, ట్యాంకుకి చెవి ఆనించి, "తాళం ఏయండి మేస్టారూ" అన్నాడు. వేశాను. నిశ్శబ్దం. "తియ్యండి. మళ్ళీ ఏయండి." నిశ్శబ్దం. పసిపిల్ల రొమ్ము మీద చెవి పెట్టిన ఆర్ఎంపీ డాక్టరులాగా కళ్ళు మూసుకున్నాడు.

ఇక్కడ తొందరపడి 'పంపు పోయె' అనే నాలుగో పాదానికి దూకకూడదు. నిశ్శబ్దానికి వేరే కారణాలుంటాయి. కుడిచేతి పిడి దగ్గర ఎర్ర స్విచ్చు ఒకటుంది. పిల్లలు ఆడుకుంటూ నొక్కేస్తే బళ్ళు ఊరికే మూగనోము పడతాయి. తర్వాత ఫ్యూజు. తర్వాత రిలే. రిలే అనుమానమైతే పక్కన అదే రకంది ఇంకోటి ఉంటే మార్చి చూస్తారు. చివరికి పంపుకి వెళ్ళే కనక్టరు ఊడదీసి మీటరు పెట్టి తాళం వేయించాడు. పన్నెండు వోల్టులూ వచ్చాయి. అంటే పిలుపు చేరుతోంది, పలకవలసినవాడు పలకడంలేదు. "ఇప్పుడు చెప్పొచ్చండి" అన్నాడు. నా సర్వీసులో ఇంత జాగ్రత్తగా పాఠపరిష్కారం చేసినవాణ్ణి చూడలేదు.

సెల్ఫు తిరుగు గాని చేవ లేదు: అర్థం స్పష్టం. సెల్ఫు అదేపనిగా కొడితే బ్యాటరీ కూడా దిగిపోతుంది. మావాడు కొంత దింపాడు.

కంఠ మంటఁ జమురు గల దయ్యు: మూతదాకా పెట్రోలు ఉన్నప్పటికీ. ఇక్కడ చమురు అన్నమాట మీద ఒక చర్చ ఉంది. ఇది శుద్ధమైన పెట్రోలు కాదు. ఇందులో 20 శాతం ఇథనాలు. చెరకునుంచి, మొక్కజొన్ననుంచి, నూకలనుంచి తీస్తారు. పెట్రోలునీ సారానీ ఒక్క సమాసంలో కూర్చడం మా పాతకాలపు పండితులకి వైరిసమాసంలా తోస్తుంది. ఇథనాలుకి నీళ్ళంటే ప్రీతి. వానాకాలం ట్యాంకులో తడి చేరిందంటే దాన్ని తనలోకి లాక్కుంటుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే రెండూ జతకట్టి, పెట్రోలుని విడిచిపెట్టి అడుక్కి దిగుతాయి. కావ్యదోషాల్లో దీన్ని విసంధి అంటారు. పంపు నోరు ఉండేది ఆ అడుగునే. మరి దానికి నూకలు చెల్లింది ఆ నూకలవల్లేనా అనడిగాను. "అది చెప్పలేనండి. అబ్బాయిగారు రిజర్వులో తోల్తారా?" అని ఎదురడిగాడు.

మావాడు తల దించుకున్నాడు. ఎప్పుడూ రెండొందలకి మించి పోయించడు. పంపుని చుట్టూ ఉన్న పెట్రోలే చల్లబరుస్తుంది. ట్యాంకు అడుగంటినకొద్దీ పంపు ఒళ్ళు బయటపడి వేడెక్కుతుంది. చెరువెండితే గేదెకి ఎలా ఉంటుందో అలాగన్నమాట. కంఠమంట నింపింది ఆ ఒక్కరోజే, అదీ పెళ్ళివారి ఊరు వెళ్ళాలని. ఏళ్ళతరబడి ఎండగట్టి ఒక్కరోజు నిండా పోస్తే ఏం లాభం?

పంపు: 'పొట్టలో' అనే పదం మీదుగా ఇక్కడికొచ్చాం. పాత తెలుగులో పంపు అంటే ఆజ్ఞ. పంపుసేయడమంటే చెప్పినపని చేయడం. అన్నవరం కొండకింద పారేది పంపా నది. ఆధునికులకి పంపు అంటే నీళ్ళ మోటారు. ఈ మూడో అర్థమే ఇక్కడ ముఖ్యం, మొదటిది ధ్వనిస్తుంది.

"ట్యాంకు ఇంజనుకి పైనే ఉందిగా, పెట్రోలు దానంతటది జారదా, మధ్యలో పంపెందుకు?" అన్నది పూర్వపక్షం. డెల్టావాడిగా ఈ ప్రశ్న నాదే. దీనికి సమాధానం ధవళేశ్వరంలో సగం, పట్టిసీమలో సగం ఉంది.

కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తిచేశాడు. ఏటిని కాస్త ఎత్తు నిలబెట్టాడు, అంతే. ఆ తర్వాత నీరు పల్లమెరిగి కాలవల్లో తనంతట తాను పోయింది. కార్బొరేటరు బండి సరిగ్గా ఇలాంటిది. ట్యాంకులోంచి పెట్రోలు గొట్టంలో జారి కార్బొరేటరు గిన్నెలో చేరుతుంది. గిన్నెలో తేలే బెండు మట్టం చూసుకుంటుంది. లస్కరు తలుపులు దించినట్టు, మట్టం చాలగానే బెండు దారి మూస్తుంది. కరెంటుతో పనిలేదు. నా పాత స్కూటరు పాతికేళ్ళు ఇలాగే నడిచింది. ఆగితే పక్కకి వంచేవాణ్ణి, మళ్ళీ నడిచేది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధన వచ్చింది. పొగ తగ్గాలంటే పెట్రోలుని బొట్టుబొట్టు లెక్కకట్టి చల్లాలి. కార్బొరేటర్లు పోయి ఇంజెక్టర్లొచ్చాయి. ఇంజెక్టరు నోరు వెంట్రుకంత. దానిగుండా పెట్రోలు మంచులాగా చిమ్మాలంటే చాలా బళ్ళకి మూడు బార్లు అటూఇటూగా ఒత్తిడి కావాలి. నీళ్ళతో చెప్పుకుంటే ముప్ఫై మీటర్ల ఎత్తు. ట్యాంకుని పదంతస్తులు దాటిన మేడ మీద పెట్టుకుని తిరిగితే పంపు అక్కర్లేదు. ట్యాంకు మన తొడల మధ్య ఉంది కాబట్టి పంపు కావాలి. పట్టిసీమలో 2015లో పెట్టింది ఈ పద్ధతే. 24 పంపులు గోదావరిని ఎత్తి పోలవరం కుడికాలవలో పోస్తే అది కృష్ణా డెల్టాకి పోతుంది. కరెంటు పోయినా ధవళేశ్వరం నీళ్ళు పారతాయి. కరెంటు పోతే పట్టిసీమ ఆగుతుంది. పక్కనే గోదావరి నిండుగా ఉంటుంది, కంఠమంట. మూడో పాదంలో కవి హృదయం ఇదే.

పోయె: తెలుగులో ఈ క్రియకి బోలెడు అర్థాలు. మనిషీ పోతాడు, కరెంటూ పోతుంది, పరువూ పోతుంది. పంపు పోవడం మాత్రం ఒక్కసారిగా జరగదు. రెండు నెలలుగా రంపచోడవరం ఎగువన ఎత్తెక్కేటప్పుడు బండి ఈడుస్తూనే ఉందట. ఎనభై దాటితే మిస్సింగు. ఎండలో ఆగేది, టీ తాగొచ్చేసరికి మళ్ళీ నడిచేది. ప్లగ్గు మార్పించాడు, గాలి ఫిల్టరు మార్పించాడు, పెట్రోలు బంకుని తిట్టాడు. ఆరోజు కూడా షెడ్డులో రెండు గంటలు చల్లారాక పంపు గొంతు రాసినట్టు ఒకసారి 'గుర్' మంది. మావాడు ఎగిరి గంతేశాడు. "దాన్ని నమ్మకండి. దీపం ఆరేముందు వెలుగండి అది" అన్నాడు మెకానిక్.

పాంథ: ఓ బాటసారీ. సంబోధన. టూరింగువాడికి ఇంతకన్న మంచి తెలుగు నాకు దొరకలేదు. ఈ జాతికి మూలపురుషుడు మనుచరిత్రలోని అరుణాస్పదపురం ప్రవరుడు. ఇంటిదగ్గర కుదురుగా ఉండక, సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకుని హిమాలయాలకి వెళ్ళాడు. మంచుకి పసరు కరిగింది, ఇక ఎగరడం లేదు. సిద్ధుడు స్పేరు ఇచ్చి పంపలేదు. దారి అడిగితే వరూధిని వేరే సంగతులు మొదలెట్టింది. బ్రౌన్ దొర జూలూరి అప్పయ్య పండితుడిచేత మనుచరిత్రకి టీక రాయించాడు గానీ, నడిదారిలో బండి ఆగినవాడి బాధగా ఆ ఘట్టాన్ని చదవాలని నాకు వంతెన మీదే తట్టింది. ప్రవరుడు అగ్నిని ప్రార్థించి ఇల్లు చేరాడు. లోపల అగ్ని రాజుకోకపోవడమే మా బాధ కూడాను.

టాంకు దింపు: చెప్పినంత తేలిక కాదు. ముందు బ్యాటరీ నెగెటివు తీగ ఊడదీశాడు. పంపులో ప్రాణం ఉంటే దాని కనక్టరు తీసేసి, ఇంజను నడిపి, గొట్టంలో ఉన్న పెట్రోలు అయిపోయి దానంతటది ఆగేదాకా ఉండాలట. అప్పుడు ఒత్తిడి దిగుతుంది. లేకపోతే గొట్టం ఊడదీసినవాడి మొహం మీదికి చిమ్ముతుంది. ట్యాంకులో పెట్రోలు డబ్బాలోకి లాగాడు. పక్కన బీడీ ముట్టించబోయిన ట్రాలీ ఆటో అతన్ని రోడ్డవతలకి తరిమాడు. సీటు, బోల్టులు, గొట్టం క్లిప్పు ఊడదీసి, ట్యాంకుని పాత దుప్పటి మీద బోర్లించాడు. అడుగున గుండ్రటి పళ్ళెం, చుట్టూ బోల్టులు. అవి తీసి పంపుని పైకి లాగితే రాదు. పెట్రోలు మట్టం చూపే బెండు తీగ అడ్డం పడుతుంది. పులస ముల్లు తీసినంత ఓపిగ్గా, వంచి, తిప్పి, మళ్ళీ వంచి బయటికి తెచ్చాడు. కింద జల్లెడ గుడ్డ నల్లటి బురదతో మూసుకుపోయి ఉంది. మావాడు ఫొటో తీసుకున్నాడు.

పళ్ళెం కింద రబ్బరు ఉంగరం ఒకటుంది. తీసేదాకా గాడిలో బుద్ధిగా ఉన్నది, తీయగానే ఉబ్బి సాగింది, మళ్ళీ గాడిలో పట్టలేదు. "పాతది తోసి ఎక్కిస్తే కారుతుందండి. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే మరి ఇంకేటుందండి" అని కొత్తది వేశాడు. ఉంగరం సంగతి తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో దుష్యంతుణ్ణి అడగండి.

బోల్టుల బిగింపులో మాత్రం నాకు నిజమైన శాస్త్రం కనిపించింది. వరసగా తిప్పుకుంటూ పోలేదు. ఒకటి బిగించి దానికి ఎదురుగా ఉన్నది, మళ్ళీ అడ్డంగా ఇంకోటి, కొంచెం కొంచెంగా. అలా చేస్తేనే పళ్ళెం వంకర పోకుండా సమంగా కూర్చుంటుంది. పద్యంలో పదాలున్న వరసలో అర్థం చెప్పుకుంటూ పోతే కుర్రాళ్ళు నిద్రపోతారని, అన్వయక్రమం పట్టాలని నేనూ ముప్ఫై రెండేళ్ళు మొత్తుకున్నాను.

తాత్పర్యము

బాటసారీ! తాళం తిప్పినా చప్పుడు లేదు. సెల్ఫు తిరుగుతున్నా ఇంజను అందుకోదు. ట్యాంకు నిండా పెట్రోలుంది. కాబట్టి లోపలి పంపు పోయింది. ట్యాంకు దించు.

విశేషాలు

చివర్లో తాళం వేయించాడు. 'గుయ్' మంది. గొట్టానికి తగిలించిన గేజీలో ముల్లు లేచి మూడు దగ్గర నిలబడింది. పళ్ళెం చుట్టూ వేలితో తడిమి, వాసన చూసి, "పొడిగా ఉందండి" అన్నాడు.

అంతా బిగించేశాక గోనెపట్టా మీద ఒక చిన్న వాచరు మిగిలింది. బండిలో ఉండాల్సింది బయటుంటే గ్రంథపాతం, మరెక్కడిదో ఇక్కడ చేరితే ప్రక్షిప్తం. ఏదో తేల్చమన్నాను. "అది మీది కాదండి, పొద్దున్న ఆటోది" అన్నాడు. పరిష్కర్తలందరూ ఇలాగే అంటారు. జేబులో వేసుకొచ్చాను. బండి ఆ తర్వాత మారేడుమిల్లి ఘాటు రెండుసార్లు ఎక్కి దిగింది. వాచరు నా బల్లమీదే ఉంది.